గడప ముందు నాన్న దగ్గు

మొన్న మధ్యాహ్నం మా మారేడ్‌పల్లి ఫ్లాటులో కరెంటు పోయి కాలింగ్ బెల్ మోగకపోవడంతో, ఎవరో కొరియర్ మనిషి తలుపు బయట నిలబడి గొంతు సవరించుకున్నాడు. అంతే, తరుగుతున్న బెండకాయలు ఎక్కడివక్కడ వదిలేసి, కొంగు సర్దుకుని లేచి నిలబడ్డాను. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిన దాన్ని, అంత చురుగ్గా ఎలా లేచానో నాకే తెలియదు. ప్యాకెట్టు తీసుకుని తలుపు వేసుకున్నాక కూడా చాలాసేపు ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయాను. నా ఈడు వాళ్ళకి చెబితే అర్థమవుతుంది గానీ, దగ్గు విని లేచి నిలబడడం ఏమిటో ఇప్పటి పిల్లలకి ఏమని చెప్పను?

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చి, చిలకలగూడలో షాబాదు బండల ఇల్లొకటి కట్టుకుని, అందులోనే మా పెళ్ళిళ్ళు చేసి, మనవరాలి ఉద్యోగం దాకా చూసిన మనిషి. పగలంతా మా వీధి తలుపు తీసే ఉండేది. అయినా ఆయన ఏనాడూ తిన్నగా లోపలికి వచ్చి ఎరగరు. మెట్టెక్కి, అరుగు మీద నిలబడి ఒక పొడి దగ్గు దగ్గి, గొంతు సవరించుకుని, అమ్మ అక్కడ పెట్టి ఉంచిన చెంబు నీళ్ళతో తాపీగా కాళ్ళు కడుక్కునేవారు. ఇంట్లో కోడలుంది, ఏ తల దువ్వుకుంటూనో, నడుం వాల్చో ఉంటుంది, మగవాడు చెప్పాపెట్టకుండా జొరబడకూడదన్నది ఆయన మర్యాద. లోపల అమ్మ గాజులు గలగలమన్నాకే గడప దాటేవారు. అమ్మ నోరు తెరిచి రమ్మనేది కాదు, ఆ గాజుల చప్పుడే జవాబు.

బయటికి వెళ్ళేటప్పుడు ఇంకో పట్టింపు. వీధి చివరికి పెరుగు ప్యాకెట్టు కోసం వెళ్ళేవాళ్ళయినా సరే, వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి, ఇంట్లోవాళ్ళు వెళ్ళిరా అనాలి. ఊళ్ళో ఇంటికొకరు కంప్యూటరు కోర్సులో చేరిపోతున్న రోజులవి. మా అన్నయ్య కూతురు మాధాపూర్ వైపు ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కొత్తలో, క్యాబు హారను కొట్టగానే బై తాతయ్యా అని పరిగెత్తేది. ఈయన చెప్పులైనా వేసుకోకుండా సందు మొదటి దాకా పోయి, క్యాబు ఆపించి, ఆ పిల్ల చేత వెళ్ళొస్తాను అనిపించి, వెళ్ళిరా తల్లీ అని తనే తలుపు వేసి వచ్చేవారు. డ్రైవరు నవ్వుకునేవాడు, పిల్ల తల పట్టుకునేది. ఆ గడుగ్గాయే తాత దగ్గుని అచ్చుగుద్దినట్టు దగ్గి, మా వదినని ఉలిక్కిపడి లేచేలా చేసేది. అప్పుడు తాతా మనవరాలూ కలిసి ఒకటే నవ్వు. మమ్మల్నెవరినీ ఆయన అంత ముద్దు చెయ్యలేదని నాకిప్పటికీ లోలోపల కాస్త కుళ్ళే.

ఒక ఎండాకాలం పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, నాన్న కుర్చీలోనే ఒరిగిపోయారు. పుణ్యాత్ముడు, ఎవరి చేతా చేయించుకోలేదన్నారు అందరూ. అసలు సంగతి జరిగింది ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్ళడానికి గడప దాటిస్తున్నప్పుడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన గడప దాటి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ నోట్లోంచి వచ్చిన మాటే ఆ రోజూ అలవాటు కొద్దీ వచ్చేసింది. గోడకి ఆనుకుని, ఏడుస్తూ, వెళ్ళిరండి అంది. పక్కనున్న మా పెద్దమ్మ గబుక్కున ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పోయినవాళ్ళని మళ్ళీ రమ్మనకూడదు, సాగనంపి వచ్చేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు, మనవాళ్ళలో ఇవి తెలియనిదెవరికి? కానీ మాట అప్పటికే జారిపోయింది.

పదోరోజున గాజు గాజులు తీయించేసినా, చేతికి రెండేసి బంగారు గాజులు మాత్రం అన్నయ్య పట్టుబట్టి ఉంచాడు. నేను బోయిగూడలోని మా ఇంటి నుంచి వచ్చి, అమ్మకి తోడుగా అక్కడే ఉంటూ ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను. ఒక సాయంత్రం వదినా నేనూ కాఫీ తాగుతుంటే అరుగు మీద దగ్గు వినబడింది. పొడి దగ్గు, ఆ వెనకే గొంతు సవరింపు. వదిన గ్లాసు పెట్టేసి లేచి నిలబడింది. మరుక్షణం, తాత పోయి నెలైనా కాలేదు, ఇవేం వేషాలే అని కూతురి మీద కేకలేసింది. ఆ పిల్ల ఆ వేళకి ఆఫీసులో ఉంటుందని మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అప్పుడే వంటింట్లో అమ్మ గాజులు గలగలమన్నాయి.

తర్వాత నేను అడిగితే అమ్మ పప్పు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది.

“వెళ్ళిరండన్నాను, వచ్చేరు. ఇందులో వింతేటి?”

అప్పటి నుంచి సాయంత్రమయ్యేసరికి అరుగు మీద చెంబుతో నీళ్ళు పెట్టడం మళ్ళీ మొదలుపెట్టింది. మేమేదో మనాది అనుకున్నాం, మాకు వినబడ్డదీ భ్రమే అని సర్దిచెప్పుకున్నాం. అంతలో, కూతురి పురిటికని కరీంనగర్ వెళ్ళి చాన్నాళ్ళు అక్కడే ఉండిపోయిన ఎదురింటి పెద్దావిడ తిరిగొచ్చింది. నాన్న పోయిన సంగతి ఆవిడకింకా తెలియదు. డబ్బా పట్టుకుని సరాసరి మా గుమ్మంలోకి వచ్చి నన్ను పిలిచింది.

“సార్ ఇప్పుడే లోపటికి వచ్చిండు గదా, దగ్గు ఇనబడ్డది. జెర పిలువు బిడ్డా, సకినాలు తెచ్చిన.”

నేను గోడ మీద దండ వేసిన ఫొటో వైపు చూశాను. నా చూపు వెంట ఆవిడా చూసింది. డబ్బా అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సాయంత్రాలు వాళ్ళ వీధి తలుపు మూసే ఉండేది.

నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. చూద్దామని ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, ఇంకా ఎండ ఉండగానే అరుగు మీద కూర్చున్నాను. మా వీధి కుక్క ఒకటి ఎప్పుడూ ఆ మెట్టు మీదే పడుకునేది. మేమెవరం వచ్చినా కదిలేది కాదు, దాన్ని దాటుకుని పోవలసిందే. ఒక్క నాన్న వస్తేనే లేచి పక్కకి జరిగేది. ఆ రోజు సందులో ఎవరూ లేరు. కుక్క తల ఎత్తి చూసి, లేచి, ఒళ్ళు విరుచుకుని పక్కకి జరిగి నిలబడింది. నా పక్కనే దగ్గు వినబడింది. భయం వేసిన మాట నిజం. ఆయన పక్కనే నిలబడ్డారన్న సంతోషంతో ఏడుపొచ్చిన మాటా నిజం.

అసలు చిక్కు వేరే ఉంది. గోడలు బీటలు వారి, వానొస్తే పైకప్పుని నమ్మలేని ఆ ఇంటిని అపార్టుమెంటు కట్టేవాళ్ళకి ఇద్దామని నాన్న ఉండగానే నిర్ణయమైపోయింది. వానలు పడేలోగా ఖాళీ చెయ్యాలి. అమ్మ ససేమిరా కదలనంది. ఆయనొచ్చే వేళకి లోపల మనిషి లేకపోతే ఎలా అంటుంది. అన్నయ్య బతిమాలాడు, వదిన అలిగింది, నేను కోప్పడ్డాను. చివరికి మనవరాలే అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని మెల్లగా అడిగింది.

“ఇల్లు కూలగొట్టేశాక తాతయ్య ఎక్కడ నిలబడి దగ్గుతాడు నానమ్మా? జవాబు రాకపోతే అడుగైనా వెయ్యడు కదా.”

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తనే అటక మీది ఇత్తడి సామాను దింపించింది.

ఖాళీ చేసిన రోజు సామానంతా లారీకెక్కి, గదులు బోసిపోయి, మాట్లాడితే గొంతులు ఖంగుమంటున్నాయి. ఎంత చెప్పినా సాయంత్రం దాకా ఆగాలంది అమ్మ. కుక్క లేచి పక్కకి జరిగింది. దగ్గు వినబడింది. ఈసారి అందరం విన్నాం, అన్నయ్యతో సహా. అమ్మ గడప లోపల నిలబడి, గాజులు మోగకుండా రెండు చేతులకీ కొంగు చుట్టి బిగించి పట్టుకుంది. బయట ఆయన ఆ గాజుల చప్పుడు కోసమే నిలబడి ఉంటారు.

“ఇంక వెళ్ళండి,” అంది. కొంగు ఇంకాస్త బిగించి, “మీరు రావద్దు. నేనే వస్తాను,” అంది.

చెంబులో నీళ్ళు మెట్టు పక్కన పారబోసింది. కుక్క తిరిగొచ్చి మెట్టు మీద ముడుచుకు పడుకుంది. ఆటోలో అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. మళ్ళీ ఎండాకాలం రాకుండానే తన మాట నిలబెట్టుకుంది. ఆవిడని పంపించేటప్పుడు వెళ్ళిరా అన్న మాట జారకుండా మేమంతా పెదాలు బిగించుకుని నిలబడ్డాం.

ఆ ఇంటి చోట ఇప్పుడు అయిదంతస్తుల మేడ ఉంది. మా ఫ్లాటులో ఎవరి తాళం వాళ్ళదే, ఎవరు ఎప్పుడొచ్చారో చెప్పుల్ని చూసి తెలుసుకోవాలి. నా మనవడు పొద్దున్నే చెవుల్లో అవేవో పెట్టుకుని, బై అని లిఫ్టులోకి వెళ్ళిపోతాడు. మూసుకుంటున్న తలుపుల వైపు చూస్తూ వెళ్ళిరా నాన్నా అంటాను, వాడికి వినబడదు. నన్ను సాగనంపే రోజున ఎవరైనా అమ్మలా నోరు జారితే బాగుండునని నాకో పిచ్చి ఆశ. కానీ జారడానికైనా ఆ మాట నోటికి అలవాటై ఉండాలి కదా. మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ లేదు.