నైవేద్యం మూటలో మా వదినె మందు

అందరూ మంచిగున్నరా. మధిర రాజ్యమ్మక్కా, మోకాలు వాపు తగ్గిందా, చలికి మళ్ళా పట్టేసిందా? బూర్గంపాడు సత్యంగారూ, మీకు కంటి ఆపరేషను అయి ఎన్నో రోజులు కాలేదు, ఇది మీరు చదవకండి, మీ ఆవిడతో చదివించుకొని వినండి. పోయినసారి కామెంటు పెట్టిన కొత్తగూడెం కోడలు పిల్లా, నీకు ఏడో నెల గద, బస్సుల వెనక సీట్ల కూర్చోకు, కుదుపులు పడ్తయి. నాకు బీపీ ఎప్పుడూ ఉండేదే. ఈసారి కోపంతోని పెరిగింది. ఎందుకు పెరిగిందో చెప్త. మీల ఎవరన్న ఈ చలికాలం గుంపుల పడి గుట్ట ఎక్కుదామనుకుంటే ఇది చదివినాకనే పోండి.

మా ఆడబిడ్డ సుగుణమ్మకు ఆయాసం. మా ఆయనకు అక్క, నేను ఆమెను వదినె అని పిలుస్త. పోయిన చలికాలం ఖమ్మం దవాఖానాల ముక్కుకు గొట్టం పెట్టించుకొని పండుకున్నప్పుడు మొక్కుకుంది, ఈ గండం దాటితే నా కాళ్ళతోని గుట్ట ఎక్కి కొబ్బరికాయ కొడత అని. దాటింది. అప్పటి సంది మేడమెట్లు ఎక్కి దిగుడే ఆమె పని, కింద నిలబడి చాలు దిగు అనుడే నా పని. ఇంతల మా కుసుమంచిల మా వీధి భజన మండలోళ్ళు భద్రాచలం అవతల అడవిల ఉన్న దేవరగుట్టకు పోతున్నమన్నరు. వదినె ముందుగాల పేరిచ్చింది. ఆమెను ఒక్కదాన్ని పంపి ఇంట్ల కూర్చుంటే నాకు అన్నం దిగదు, అందుకని నేనూ ఇచ్చిన.

మనిషికి ఆరొందలు కిరాయి వేసుకొని వ్యాను మాట్లాడినం. నాలుగ్గంటలకు లేచి ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగ పోయినం. పాల్వంచ దాటినాక మంచు గట్టిగ పట్టింది. "తమ్ముడూ, ముందర ఏం కనబడ్తలేదు, మెల్లగ పోనియ్యి" అన్న. "అమ్మా, ఇంతకంటె మెల్లగ పోతే సైకిలోడు మనకు హారను కొడతడు" అన్నడు డ్రైవరు. బూర్గంపాడుల రోడ్డు పక్కన ఇడ్లీ తిన్నం. వదినె నడుముకు కట్టుకున్న చిన్న సంచిల నుంచి పంపు తీసి నోట్ల కొట్టుకుంది. ఇన్‌హేలర్ అంటరు గద, మేము పంపు అంటం. ఇడ్లీలమ్మ చూసి, "చలిల ఏడికి బయలెల్లినవమ్మా" అంది. "గుట్టకు" అన్నది వదినె. "ఈ ఆయాసంతోనా? దేవుడే దిగొచ్చేదాక ఈడ కూర్చో, ఇంకో రెండు ఇడ్లీలు పెడత" అన్నది. నవ్వుకుంట బండెక్కినం. గోదారి బ్రిడ్జి మీద మంచుకు నీళ్ళు కనబడలె. ఏ దిక్కుకు దండం పెట్టినమో తెల్వదు. భద్రాచలంల చర్ల రోడ్డు పట్టుకొని కొంత దూరం పోయి, ఆడ్నుంచి మట్టిదారిల అడవిలకు తిరిగితే గుట్ట కింద పల్లె వస్తది. మేము పోయేసరికి ఎండ అప్పుడప్పుడే పడ్తుంది.

మా మండలిల ఒక పద్ధతుంది. యాత్రకు పోతే ఎవరి మూట వాళ్ళకు ఉండొద్దు, అందరిదీ ఒక్కటే మూట. ఒకరు పులిహోర తింటుంటే ఇంకొకరు ఎండు రొట్టె తినొద్దని పెద్దోళ్ళు పెట్టిన్రు, మంచి పద్ధతే. మా మండలి పెద్ద నరహరి రిటైరయిన కండక్టరు, ఆయన దాన్ని ఇంకా బిగించిండు. పులిహోర, కొబ్బరికాయలే గాదు, ఫోన్లు, పర్సులు, చేతి సంచులు అన్నీ మూటల పడాలె. మూట కట్టి పసుపు కుంకుమ పెట్టినాక నైవేద్యం అయ్యేదాక విప్పొద్దు, బయటోళ్ళు ముట్టొద్దు. వదినె నడుముకున్న సంచి చూసి, "సుగుణమ్మక్కా, అదీ వెయ్యి, దేవర దగ్గరికి ఉట్టి చేతుల్తోని పోవాలె" అన్నడు. "అండ్ల పంపు ఉన్నది" అన్న నేను. "మూట మన వెంబడే గద వచ్చేది" అన్నడు. వదినె ఇచ్చింది. మూట మన వెంబడి రాలె. గట్టోడని ఒకాయన భుజానికెత్తిన్రు, ఆయన ముందర పడి పోయిండు, ఆయన వెనక అందరూ పోయిన్రు.

గుట్ట కింద పల్లె నుంచి కన్నమ్మ మాకు తోడుగ వచ్చింది, గుట్ట మీది దేవర వాళ్ళ పల్లె దేవరనే. నలభై ఏళ్ళు దాటినామె. ఎవరన్న దారి తప్పకుంట వాళ్ళ పల్లె మనిషి ఎప్పుడూ అందరికంటె వెనక నడుస్తదట. కిందనే ఒక మాట చెప్పింది, గుట్ట పక్క బండకు పెద్ద తేనెతుట్టెలున్నయి, అరవొద్దు, ఈల వెయ్యొద్దు అని. మావోళ్ళ ఉరుకుడు చూసి, "మీవోళ్ళు గుట్ట ఎక్కుతున్నరా, బస్సెక్కుతున్నరా?" అన్నది. నేను, వదినె, కన్నమ్మ ముగ్గురమే వెనక పడ్డం. సగం దాటినాక వదినె నిలబడ్డది. గొంతుల పిల్లి కూసినట్టు చప్పుడు. చెయ్యి నడుము కాడికి పోయింది, ఆడ సంచి లేదు.

అరిచి పిలుద్దమంటే తేనెటీగలు. ఫోను చేద్దమంటే మూటల ఉన్నది. కన్నమ్మ, "మీరు ఈడనే ఉండున్రి, నేను జల్దీ తెస్త" అని మేక ఎక్కినట్టు ఎక్కిపోయింది. కొంతసేపటికి ఉట్టి చేతుల్తోని దిగింది.

"మూట ముట్టొద్దన్నరమ్మా. నన్ను రాయి అవతల నిలబడమన్నరు."

"ఊపిరి ఆడ్తలేదని చెప్పినవా?"

"చెప్పిన. నైవేద్యం అయినాక పంపుతరంట. పది నిమిషాలు ఓపిక పట్టమన్నడు మీ పెద్దాయన."

ఊపిరికి ఓపిక అంటే ఏందో నాకు ఇప్పటికీ తెల్వదు. వదినె పెదాలు రంగు మారుతున్నయి. కన్నమ్మ ఆమెను ముందుకు వంచి తన మోకాళ్ళ మీద ఆనించుకొని వీపు రాస్తుంది. "నువ్వు పట్టుకో, నేను పోత" అన్న. మేడమెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకునే దాన్ని నేను. మంచుకు బండ తడిగ ఉన్నది. గడ్డి పట్టుకొని, చేతులు నేల కానిచ్చి ఎక్కిన. జారుతనేమో, ఎలుగుబంటి వస్తదేమో, నేను పోయేసరికి కింద ఆమె ఉంటదో ఉండదో, ఇవే ఆలోచనలు.

పైన నరహరి హారతి పళ్ళెం సర్దుతుండు.

"నరహరీ, మూట విప్పు."

"రెండు నిమిషాలక్కా. నైవేద్యం గాకముందు విప్పితే మైల. నీకు తెల్వందా?"

"తెల్వదు. నేను ఐదో తరగతే చదివిన. నువ్వు విప్పుతవా, నేను విప్పాల్నా?"

ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు. నేను కింద కూర్చొని ముడి పండ్లతోని కొరికి లాగిన. పులిహోర గిన్నె బండ మీద దొర్లింది. "ఇన్నేండ్లల్ల ఎవరూ గిట్ల చెయ్యలె" అన్నడు. "ఇన్నేండ్లల్ల ఎవరి ఊపిరీ నీ మూటల పడలె. ఈ దేవర కన్నమ్మోళ్ళ దేవర. వాళ్ళ గుట్ట మీద వాళ్ళ ఆడమనిషినే అవతల నిలబెట్టినవ్, మైల నాదా?" అన్న. తేనెటీగలకు భయపడి మెల్లగనే అన్న. మెల్లగ తిట్టుడు ఎంత కష్టమో ఆడ తెలిసింది. దేవర దిక్కు చూడకనే సంచి పట్టుకొని, కూర్చొని జారుకుంట దిగిన.

వదినె పంపు కొట్టుకున్నది. ఊపిరి దారిల పడ్డది. వదినె అన్న మొదటి మాట, "పైకి ఇంకెంత దూరముండె?" "దగ్గరనే" అని కన్నమ్మ చెప్పింది. వదినె తల దించుకున్నది. డాక్టరు ముప్పు అన్నప్పుడు ఏడ్వని మనిషి అప్పుడు ఏడ్చింది. ముగ్గురం కిందికి దిగినం.

వ్యానుల నరహరి వచ్చి ప్రసాదం పెట్టి, "ఏదో ఆవేశంల అన్నవులే అక్కా, నేను మనసుల పెట్టుకోను" అన్నడు. క్షమించేది ఆయనంట. ప్రసాదం కండ్లకద్దుకున్న. భద్రాచలం దవాఖానాల చూపించినం. తెల్లారగట్ల చలిల ఎక్కొద్దు, ఎక్కే ముందు పంపు కొట్టుకోవాలె, అది చేతికి అందేటట్టు ఉండాలె అన్నడు డాక్టరు. ఇడ్లీలమ్మను అడిగినా గదే చెప్పేది.

నేను భయపడే మనిషిని, అందరూ నవ్వుతరు. భయం ఉన్నోళ్ళు వెనక్కి తిరిగి చూస్తరు, ఆ రోజు ముందర పోయినోళ్ళల్ల ఒక్కరూ చూడలె. పద్ధతులు మనుషులు కలిసి తినడానికి పెట్టుకున్నయి. మనిషి ఆగిపోతుంటే ముడి విప్పనియ్యని పద్ధతి నాకొద్దు. ముందర పోయినోళ్ళకు భక్తి ఎక్కువని ఎవరన్న అంటే నేను ఒప్పుకోను.

మీరు పోతే గుర్తుంచుకోండి: మందు మీ ఒంటి మీదనే ఉండాలె, దేవుడు అడిగినా ఇయ్యకండి.

ఆ రోజు బండెక్కేముందు వదినె కన్నమ్మ చెయ్యి పట్టుకొని, మళ్ళా ఎప్పుడు రావాలె అని అడిగింది. నేను వద్దన్న, ఇద్దరూ వినలె. కొబ్బరికాయ కన్నమ్మనే మోసుకొని రావాల్నంట, ఎక్కేటప్పుడు వదినె ముందర నడవాల్నంట. కన్నమ్మ మంగళవారం సంతకు పోతది. భద్రాచలంల ముక్కోటి రద్దీ కూడ తగ్గాలె. అందుకని ముక్కోటి దాటినాక వచ్చే బుధవారం, ఎండెక్కినాక, ముగ్గురం.