అన్నయ్య పెట్టని సంతకం

మా అన్నయ్య పోయి అయిదు నెలలైంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక తప్పును లోపల పెట్టుకుని తిరిగాను. తిన్నాను, ఉద్యోగానికి వెళ్లాను, ఆయన ఇంటికి వెళ్లి ఆయన పక్కనే కూర్చుని భోంచేశాను. పదేళ్లు అలా గడిచాయి. మనిషి పోయాక బరువు కొంత తగ్గుతుందనుకున్నాను, అడిగేవాడు లేడు కదా అని. తగ్గలేదు. ఇప్పుడే ఎక్కువగా ఉంది. ఎందుకో స్పష్టంగా తెలియడం లేదు. రాస్తే తెలుస్తుందేమోనని రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జరిగింది తొంభైల చివర్లో. అప్పట్లో వన్ టౌన్‌లో ఒక టాక్సు కన్సల్టెంటు దగ్గర గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఆయన పేరు అనవసరం. ఇనుప సామాను కొట్టు మీద రెండు గదులు. ముందు గదిలో ఆయనా, ఇద్దరు సీనియర్లూ. వెనక గదిలో నేనూ, టైపిస్టూ, ఫైళ్లూ. ఉద్యోగస్తుల ఆదాయపు పన్ను రిటర్నులు నింపడం నా పని.

అన్నయ్య ఇబ్రహీంపట్నంలో పవర్ స్టేషన్ ఉద్యోగి. నేను భవానీపురంలో ఉండేవాణ్ణి. జీతమెంత, అందులో పన్ను ఎంత పట్టుకున్నారు అని ఆఫీసువాళ్లు ఇచ్చే ఫారం పదహారు ఏటా తెచ్చి నాకిచ్చేవాడు. రిటర్ను నింపి తీసుకెళితే అద్దాలు పెట్టుకుని మొదటి గీత నుంచీ చదివి, అప్పుడు సంతకం పెట్టేవాడు. తమ్ముడు నింపిందే కదా అని చదవకుండా పెట్టిన ఏడాది లేదు. చదివాక ‘బాగుంది’ అనేవాడు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది.

ఆ ఏడు మా కన్సల్టెంటు ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లలో వికలాంగులుంటే వాళ్ల వైద్యం కింద పన్నులో కొంత మినహాయింపు ఉంది. లేని వికలాంగుల్ని రిటర్నులో చూపిస్తే, పట్టుకున్న పన్ను కొంత వాపసు వస్తుంది. ఆ చెక్కు మా ఆఫీసు చిరునామాకే వచ్చేటట్టు రాసేవాళ్లం. సగం ఆయనకు, సగం ఉద్యోగికి. డాక్టరు సర్టిఫికెట్లు ఎక్కడినుంచో ఆయనే తెప్పించేవాడు. ఒక్కో గుమాస్తా పదిమందిని తేవాలన్నాడు. నాకు తొమ్మిదిమంది దొరికారు, అందరూ తెలిసి ఒప్పుకున్నవాళ్లే. పదో మనిషి దొరకలేదు. గడువు దగ్గరపడింది. అన్నయ్య ఫారం పదహారు నా సొరుగులో ఉంది.

ఎందుకు చేశానని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. డబ్బు కోసమని చెప్పగలిగితే సులువుగా ఉండేది. అన్నయ్య వంతు సగం నేను తీసుకోవాలనుకోలేదు, అది నాకు గుర్తుంది. పదిమందిని తెస్తే నన్ను ముందు గదిలోకి మారుస్తానన్నాడాయన. కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీగా ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, లైబ్రరీ నుంచి వారానికి రెండు పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడు, న్యాయాన్యాయాల గురించి స్నేహితులతో వాదించేవాడు, ఒక బల్ల కోసం ఇలా చేస్తాడా? లేక తొమ్మిదే అని చెప్పడానికి సిగ్గుపడ్డానా? లేక అన్నయ్య పేరు మీద నాకూ కొంత హక్కు ఉందనుకున్నానా? ఒక్కో రోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది. ఏదీ పూర్తిగా అతకదు.

అన్నయ్యకు ఒక్కతే కూతురు. అప్పుడు ఎనిమిదో తరగతి. స్కూల్లో కబడ్డీ ఆడేది. వికలాంగుల పేరు రాయాల్సిన చోట ఆ పిల్ల పేరు చెప్పాను. టైపిస్టు కొట్టాడు. పుట్టినప్పటినుంచీ నడవలేదని కొట్టించాను. ఆ ఫారం ఇంటికి తీసుకెళ్లలేను కదా. అన్నయ్య మొదటి గీత నుంచీ చదువుతాడు. అందుకని సంతకం నేనే పెట్టాను. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసే సంతకం ఆయనది. చివరి అక్షరాలు నాకు సరిగా కుదరలేదు.

ఆ లెక్కన అంతా సాగిపోయేదే. కానీ పన్ను ఆఫీసులో ఎవరో జాగ్రత్తపరుడు ఉన్నాడు. పాత సంవత్సరాల రిటర్నులు తీసి సంతకాలు పక్కపక్కన పెట్టి చూశాడు. అనుమానం వచ్చింది. రిటర్నులో ఉన్న మా ఆఫీసు చిరునామాకు రాయకుండా, ఫారం పదహారు మీద ఉన్న చిరునామాకు, అంటే అన్నయ్య పనిచేసే చోటికి ఉత్తరం పంపాడు. ఈ రిటర్ను మీరే వేశారా, ఈ సంతకం మీదేనా, పదిహేను రోజుల్లో గుర్తింపు కార్డుతో స్వయంగా వచ్చి చెప్పండి అని. చివర ఒక వాక్యం ఉంది. మీరు వేసింది కాకపోతే ఆ సంగతి వెంటనే రాసివ్వండి, మీ పేరు ఇతరులు వాడకుండా ఆపడానికే ఈ ఉత్తరం అని.

అన్నయ్య ఆ ఉత్తరం పట్టుకుని ఒక ఆదివారం పొద్దున స్కూటర్ మీద మా ఇంటికి వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు.

“నేను నేనేనా అని అడుగుతున్నార్రా వీళ్లు. ఇంతకాలం ఉద్యోగం చేశాక ఇప్పుడొచ్చింది అనుమానం. మీ వదిననడిగితే, నాకు పెళ్లైనప్పట్నుంచీ ఉంది అంది.”

నేను ఉత్తరం చదివాను. చదవడం అయిపోయాక కూడా చదువుతున్నట్టే కూర్చున్నాను.

“సంతకం తేడా వచ్చిందంట అన్నయ్యా. అంతే.”

“ఈసారి నేను సంతకం పెట్టలేదు కదరా. నువ్వు కాగితం తేలేదుగా ఇంకా.”

“ఆఖరు రోజైపోయింది. నువ్వు షిఫ్టులో ఉన్నావు. నేనే పెట్టేశాను.”

ఆయన నవ్వు తగ్గింది.

“నా సంతకం నువ్వు పెట్టావా?”

“అక్కడ అందరూ చేసేదేలే.”

“నేను వేసింది కాదని రాసిస్తే ఏమవుద్ది?”

“నా మీద కేసవుద్ది. ఉద్యోగం పోద్ది.”

కాసేపు ఉత్తరం అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అడిగాడు.

“లోపల అంతా సరిగ్గానే ఉందా?”

“ఉంది.”

“అయితే నాదేనని చెప్తాలే. ఎట్లా పెట్టావో ఒకసారి పెట్టి చూపించు.”

నేను చేసిన తప్పు ఏదని మీరడిగితే, ఆ ‘ఉంది’ అంటాను. దొంగ సంతకం అంతకుముందు జరిగింది. కానీ ఆ పొద్దున అన్నీ సరిచేసే అవకాశం నా చేతిలో ఉంది. లేదన్నయ్యా, లోపల సరిగ్గా లేదు అంటే చాలు. తిట్టేవాడు. కొట్టేవాడేమో కూడా. తర్వాత వెళ్లి నాది కాదని రాసిచ్చేవాడు. నాతోపాటు మా కన్సల్టెంటు, మిగిలిన తొమ్మిది రిటర్నులు, అన్నీ బయటపడేవి. ఆ ఉత్తరం పంపినవాడు కోరుకున్నదీ అదే. అన్నయ్యకు మాత్రం ఏమీ అయ్యేది కాదు.

నేను పాత క్యాలెండరు కాగితం వెనక ఆ సంతకం పెట్టి చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని, నేను ఆయన పేరును తప్పుగా రాసినట్టే తనూ తప్పుగా రాయడం నేర్చుకున్నాడు. ఇరవై సార్లో, ముప్ఫై సార్లో. అబద్ధం చెప్పడం బొత్తిగా రాని మనిషి. నా భార్య టిఫిను పెడితే ఉప్మా ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రాశాడు. నేను పక్కన కూర్చుని, ఈ అక్షరం కొంచెం కిందికి దించు అని చెప్పాను.

పిలిచిన రోజున నేనూ వెంట వెళ్లాను. ఆయన లోపలికి వెళ్లాడు. నేను ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర నిలబడ్డాను. గంటన్నర పట్టింది. లోపల ఏం జరిగిందో నాకు తెలిసింది తర్వాత అన్నయ్య ఇంటికి పోస్టులో వచ్చిన ఆర్డరు కాగితం ద్వారానే. రిటర్నూ సంతకమూ తనవేనని అన్నయ్య ఒప్పుకున్నాడని, మినహాయింపు తప్పుగా అడిగానని చెప్పి వెనక్కి తీసుకున్నాడని, జరిమానాకు ఒప్పుకున్నాడని అందులో ఉంది. అంటే ముందు సంతకం తనదని చెప్పేశాడు. ఆ తర్వాతే ఆ అధికారి, నడవలేని మీ అమ్మాయి ఎలా ఉంది అని అడిగి ఉండాలి. అప్పుడైనా, ఇది మా తమ్ముడు చేసిందని చెప్పొచ్చు. చెప్పలేదు.

బయటికి వచ్చి, టీ తాగావా అని అడిగాడు. అయిపోయిందా అంటే, అయిపోయింది అన్నాడు. దారిలో స్కూటర్ ఆపి మా పిల్లలకు బత్తాయిలు కొన్నాడు. బత్తాయిలు ఎందుకు కొన్నాడో ఇప్పటికీ తెలియదు.

పన్ను ఆఫీసువాళ్లు ఈ సంగతి చెబుతూ ఆయన పై అధికారులకు కూడా ఒక ఉత్తరం రాశారు. దాంతో అక్కడందరికీ తెలిసింది. క్యాంటీన్లో ఎవరో ఒకరు, అమ్మాయికి ఎట్లా ఉందండీ, అడుగులు వేస్తోందా అని మర్యాదగా అడిగేవారట. ఉద్యోగుల సహకార సంఘానికి ఏటా పోటీ లేకుండా ఆయన్నే కార్యదర్శిగా పెట్టుకునేవాళ్లు. ఆ ఏడు ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు.

వదిన ఆ ఆర్డరు కాగితం చూసింది. కూతురు పేరు, ఆ పేరు పక్కన ఏం రాసి ఉందో చదివింది. ఆడపిల్ల గురించి నోటితో అనకూడని మాట కాగితం మీద రాయిస్తాడా మనిషి అని నాతోనే చెప్పుకుని ఏడ్చింది. నాలుగు నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు. పిల్ల కాలు బెణికినా దానివల్లే అనేది. నేనప్పుడు ఏం చేశానో కూడా చెప్పాలి. పోనీలే వదినా, ఏదో పొరపాటున చేసుంటాడు, మనసులో పెట్టుకోకు అని ఆయన తరఫున నేను బతిమాలాను. ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. విన్నాడా? విని ఉంటాడు. బయటికి రాలేదు.

మరుసటి ఏడు నేనా ఉద్యోగం మానేశాను. ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో చేరాను. కన్సల్టెంటు మీద ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. చేస్తే నా సంగతీ చెప్పాల్సి వస్తుంది.

అన్నయ్యకు ఎంతవరకు తెలుసు? ఈ ప్రశ్న దగ్గరే నేను తిరుగుతున్నాను. కన్సల్టెంటు మోసం చేశాడు, తమ్ముడికి లోపల ఏముందో తెలియదు అనుకున్నాడా? ఫారమంతా టైపు చేసిందే, నా చేతిరాత లేదు. అలా అనుకుని ఉండొచ్చు. కానీ ఆ తర్వాత ఫారం పదహారు ఎప్పుడూ నాకివ్వలేదు. తనే తంటాలు పడి నింపుకున్నాడు. అంటే తెలుసా? మరి కూతురికి ఉద్యోగం వచ్చి పాన్ కార్డు కావాల్సినప్పుడు, బాబాయి దగ్గరికెళ్లు, నీ ఎదురుగా నింపమను అని నా దగ్గరికే పంపాడు. ఆ పిల్ల ఆ మాట యథాతథంగా వచ్చి చెప్పింది. నమ్మకంతో అన్నాడా, హెచ్చరికగా అన్నాడా? దాన్ని ఏళ్ల తరబడి అటూ ఇటూ తిప్పి చూశాను. ఆయన్ని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఆయన మంచం పక్కనే ఉన్నాను. మాట్లాడగలిగే స్థితిలోనే ఉన్నాడు. క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆయనతో పనిచేసిన ఇద్దరు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. మంచి మనిషండీ, ఆ ఒక్క కక్కుర్తి తప్పితే అన్నాడొకాయన. రెండో ఆయన, పోయినవాళ్ల గురించి ఎందుకులెండి అన్నాడు. నేను తువ్వాలు పట్టుకుని వాళ్ల వెనకే నిలబడి ఉన్నాను. తువ్వాలు అందించాను. వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచే ఇది భరించలేకుండా ఉంది. ఆయన బతికుండగా నేను దాచింది ఒక తప్పు. ఇప్పుడు నేను దాస్తుంటే, ఆ తప్పు ఆయనది అయిపోతోంది. నిజమంతా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన కక్కుర్తి పడలేదు. ఆ రిటర్ను వేసింది నేను. ఆ పిల్ల పేరు పక్కన ఆ మాట రాయించింది నేను. ఆయన చెప్పిన అబద్ధం ఒక్కటే, ఆ సంతకం తనదని. అది కూడా నేను నేర్పిందే.

వదిన నిన్న ఫోను చేసింది. ఫ్యామిలీ పెన్షను కాగితాలు వచ్చాయట, సోమవారం తీసుకొస్తాను, నువ్వే నింపిపెట్టాలి అంది. సరేనన్నాను. ఆ కాగితాలు ముట్టుకునే ముందు ఇదంతా ఆమెకు చెప్పాలి. విన్నాక కాగితాలు తీసుకుని లేచి వెళ్లిపోవచ్చు. అమ్మాయి ఇక మా గడప తొక్కకపోవచ్చు. వాళ్లను ఆపే మాటేదీ నా దగ్గర లేదు. చెప్పేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో, ఎక్కడ మొదలుపెడతానో తెలియదు. కానీ సోమవారం చెప్పేది రెండోసారి అవుతుంది. మొదటిసారి మీకు చెప్పాను.