జహ్రాలో దాచిన బిస్కెట్ డబ్బా

దెయ్యాల కథ మొదలుపెట్టేవాడు కనిపిస్తే టీ వంకతో లేచిపోయే రకం నేను. జీవితమంతా కంప్యూటర్లతో బతికినవాణ్ణి. ఏది జరిగినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అన్నదే నా మతం. ఈ ఒక్కదానికి మాత్రం ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకముందు సంగతి. షుఐబా రేవు దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో కంప్యూటర్ సెక్షన్ చూసేవాణ్ణి. పనివాళ్ల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, ఊళ్లు అన్నీ అందులోనే ఉండేవి. రేపు ఆఫీసు తగలబడితే ఏమిటి గతి, వారానికోసారి అన్నీ ఒక టేపు మీదికి ఎక్కించి వేరేచోట దాచాల్సిందే అని పట్టుబట్టాను. మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన యజమాని, నవ్వేశాడు. "అంత భయమైతే జహ్రాలో మా అమ్మ దగ్గర పెట్టు. ఆవిడ పెట్టె జోలికి నేనే వెళ్లను" అన్నాడు.

అలా ప్రతి గురువారం మధ్యాహ్నం జహ్రా వెళ్లడం అలవాటైంది. కొత్త టేపు ఇచ్చి పాతది తెచ్చుకునేవాణ్ణి. ఆ ఇంట్లో పనిచేసే కడప లక్ష్మమ్మ ఆ పెద్దావిడను మామా అనేది. అక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. నేనూ మామా అనే అనేవాణ్ణి.

టేపంటే ఏమిటని మొదటిరోజే అడిగింది. నా వచ్చీరాని అరబ్బీలో బ్యాకప్ గురించి ఏం చెప్పను? "మా మనుషులందరూ ఇందులో ఉన్నారు మామా" అన్నాను. ఆవిడ ఆ మాటే పట్టుకుంది. టేపును నీలం బిస్కెట్ డబ్బాలో పెట్టి, తన బట్టల పెట్టెలో దాచి, బట్టలతోపాటు దానికీ బఖూర్ ధూపం వేసేది. పొగ తగిలితే పాడైపోతుంది మామా అని మొత్తుకుంటే, "మనుషులన్నావుగా, మనుషులకి మంచి వాసన వద్దా?" అని నా నోరు మూయించింది.

వెళ్లగానే ఒకటే ప్రశ్న. "కుల్లుహుమ్ బిఖైర్?" అందరూ క్షేమమేనా అని. "అల్‌హమ్‌దులిల్లా", దేవుడి దయవల్ల క్షేమమే అని నేను బదులు చెబితేగానీ టీ వచ్చేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ దేశంలో నన్ను అంత ఆపేక్షగా పలకరించినవాళ్లు వేరే లేరు.

చివరిసారి వెళ్లినప్పుడు మా బావమరిది సత్తిబాబు అమలాపురం నుంచి వస్తున్నాడని చెప్పాను. "వచ్చేవారం వాడూ డబ్బాలో చేరతాడు మామా" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "తీసుకురా, చోటుంది" అంది.

సత్తిబాబు వచ్చాడు. ఉన్న కాస్త కొబ్బరితోటా అమ్ముకుని వచ్చాడు. బుధవారం సాయంత్రం వాడి వివరాలు నా చేత్తోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. గురువారం తెల్లారేసరికి వీధుల్లో ట్యాంకులున్నాయి. ఇక టేపు పట్టుకుని జహ్రా ఎక్కడికి వెళ్లను? తర్వాత ఆఫీసు కాలిపోయింది. కంప్యూటరూ, ఆ వారం టేపూ, బీరువాలోని మా అందరి పాస్‌పోర్టులూ బూడిదయ్యాయి. ఎంబసీ వాళ్లిచ్చిన కాగితాలతో వాడూ నేనూ బాగ్దాద్, అమ్మాన్ మీదుగా పడుతూ లేస్తూ ఇల్లు చేరాం.

యుద్ధం ముగిశాక కఫీల్ నన్ను ముందుగా పిలిపించుకున్నాడు. కంపెనీ రికార్డులో పేరున్న పాతవాళ్లకే వీసాలు, నోటిమాట చెల్లదు అన్నాడు. రికార్డు లేకపోతే ఏజెంటు కొత్తవాళ్లను తెస్తాడు. బయల్దేరేటప్పుడు సత్తిబాబు బస్సుదాకా వచ్చి, "బావగారూ, నేను పనిచేసింది నాలుగు రోజులేనండీ. నా పేరెక్కడైనా మిగిలుంటుందంటారా?" అని అడిగాడు. చూద్దాంలేరా అన్నాను. మామా దగ్గరున్నది వాడు రాకముందు వారం టేపు. అది దొరికినా అందులో వాడుండడని నాకు తెలుసు.

దిగాక తెలిసింది, మందులు దొరక్క ఆ యుద్ధపు చలికాలంలోనే మామా పోయిందని. కఫీల్ అప్పుడు సౌదీలో ఉన్నాడు. తల్లి ఆఖరి చూపు కూడా దక్కలేదు. పలకరించడానికి జహ్రా వెళ్లాను. గేటు దగ్గర లక్ష్మమ్మ నన్ను చూసి బావురుమంది.

"ఇరాక్ మిలిట్రీవోళ్లు ఏం మిగల్చలేదన్నా. మామా బట్టల పెట్టె గూడా నా కండ్లముందరే లారీకి ఎక్కించుకొని పాయిరి. డబ్బా దాంట్లోనే ఉండె. ఆ రూము కసువు నేనే ఊడ్చినా. గోడలు తప్ప ఏం ల్యా."

డబ్బాతోపాటు టేపూ పోయినట్టే. అయినా చావింట్లో టేపు ఊసెత్తుతామా? మగవాళ్లు కూర్చునే దివానియాలో, సామాన్లు పోగా మిగిలిన చాప మీద కఫీల్ ఒక్కడే ఉన్నాడు. దారిపొడుగునా నేర్చుకున్న పరామర్శ మాటలు సగంలోనే మర్చిపోయాను. చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు పక్కనున్న మామా గదిలోంచి, తలుపు అవతల నుంచి, "కుల్లుహుమ్ బిఖైర్?" అని వినబడింది.

"అల్‌హమ్‌దులిల్లా" అన్నాను. అలవాటైన నోరు, ఆలోచించకుండానే అనేసింది.

కఫీల్ తలెత్తి, "ఎవరికి చెబుతున్నావు?" అని అడిగాడు. ఆయనకేమీ వినబడలేదు. నేను తలుపు వైపు చూపించాను. ఇంతలో టీ తెస్తున్న లక్ష్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "అన్నా, బఖూర్ వాసన వస్తాండాది. ఇంట్లో నిప్పు గూడా ల్యా" అంది.

కఫీల్ లేచి తలుపు తీశాడు. లోపల ఖాళీ నేల, నాలుగు గోడలు. కిటికీ గట్టు మీద నీలం బిస్కెట్ డబ్బా ఉంది. ఆయన దాన్ని తీసి, మూత తెరిచి, ముఖానికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు టేపు కనబడింది. మీద నా చేతిరాతే, సత్తిబాబు రాకముందు వారం తేదీయే.

ఇక్కడిదాకా నేనే కారణాలు చెప్పగలను. లారీలోంచి ఎవరో విసిరేసి ఉంటారు, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టి ఉంటారు. నేను విన్నది నా దుఃఖం కావచ్చు.

అరువు తెచ్చిన మెషిన్‌లో టేపు పెడితే ఒక్క అక్షరం చెడకుండా చదివింది. ప్రింటర్ మీద పేర్లు ఒక్కొక్కటే దిగుతుంటే పక్కన నిలబడ్డాను. అయిపోయిందనుకుని కాగితం చింపబోతే ఇంకో వరుస పడింది. సత్తిబాబు పేరు, వాడి పాస్‌పోర్టు నంబరు, ఊరు.

ఆ టేపు ఎక్కించేనాటికి వాడు కువైట్‌లో దిగనే లేదు. ఎన్ని రకాలుగా లెక్కేసినా ఆ పేరు అందులో ఉండటానికి వీల్లేదు.

సత్తిబాబు తిరిగొచ్చాడు, మిగతావాళ్లతోపాటే. ఈ సంగతి వాడికి చెప్పాను. "ఆవిడ నన్ను చూడనైనా లేదు కదండీ బావగారూ" అన్నాడు.

లేదు. చోటుందని మాత్రం అంది. ఆ రోజు తలుపు అవతల నుంచి అందరూ క్షేమమేనా అని ఆవిడ అడిగితే క్షేమమేనని చెప్పాను. ఒక్కడు డబ్బాలో లేడని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.