గ్రైండర్ల వెబ్‌సైట్‌కు ముహూర్తం

2005 జూన్‌లో, చిత్తూరులో గ్రైండర్లు తయారుచేసే మునిరత్నం అన్నకు వెబ్‌సైట్ చేసే పని ఒప్పుకున్నాను. నాకు అదే మొదటి సైట్. అప్పుడు ఇరవై ఆరేళ్లు. పుట్టి పెరిగింది తిరుపతి టౌన్లో. ఐటీఐ అయ్యాక చిత్తూరులో రెండేళ్లు మోటార్లకు వైండింగ్ చేశాను. అంటే కాలిపోయిన రాగితీగ పీకేసి కొత్తది చుట్టడం. తర్వాత తిరుపతిలో శుభలేఖల స్క్రీన్ ప్రింటింగ్, ఆపైన కంప్యూటర్లు బిగించే పని. బిగించిన కంప్యూటర్ల మీదే వెబ్ పేజీలు రాయడం నేర్చుకున్నాను. చేతిలో ఎప్పుడూ సెల్‌ఫోన్, ముక్కు మీద కోపం.

అన్న నన్ను పిలిచింది ఆ చదువు చూసి కాదు. "నువ్వు చుట్టిన మోటారు ఇంకా తిరగతానే ఉండాది. దీన్ని గూడా నువ్వే చెయ్యప్పా" అన్నాడు.

వేలూరులో ఒక షాపాయన అన్నకు మాటిచ్చి ఉన్నాడు. గ్రైండర్ల ఫొటోలు, రాళ్ల కొలతలు ఇంటర్నెట్‌లో పెడితే శుక్రవారం పదకొండుకు చూస్తానని, నచ్చితే ఏజెన్సీ తీసుకుంటానని, లేకపోతే కోయంబత్తూరు సరుకే పెట్టుకుంటానని. తమిళనాడులో అన్నకు అది తొలి ఏజెన్సీ అవుతుంది.

అన్న అయ్యవారిని అడిగి శుక్రవారం పది ఇరవైకి ముహూర్తం పెట్టించాడు. గురువారానికే పేజీలు సిద్ధమైనా తెరవనివ్వలేదు. "ముందే తెరిస్తే ఇంక ముహూర్తం ఎందుకబ్బా? ఆ టైముకే స్విచ్చి ఎయ్యి" అన్నాడు. నేనూ సరే అన్నాను.

ఇక్కడ కొంచెం చెప్పాలి. సైట్ పేరు ఒకచోట కొంటాం, పేజీలు ఇంకోచోట ఉంటాయి. పేరు కొట్టినవాళ్లను ఆ పేజీల దగ్గరికి పంపమని ఒక మార్పు చేయాలి. అన్న చెప్పిన స్విచ్చి అదే. ఆ మార్పు అన్ని ఊళ్లకూ ఒకేసారి చేరదని, ఒక్కోచోట రెండు రోజులు పట్టవచ్చని నాకు అప్పటికి తెలియదు.

శుక్రవారం వర్క్‌షాపు ఆఫీసు గదిలో మానిటర్‌కు పసుపు, కుంకుమ పెట్టారు. సీపీయూ మీద మల్లెపూలు. సరిగ్గా పది ఇరవైకి మార్పు చేసి, పేరు కొట్టాను. ఖాళీ పేజీ వచ్చింది. మళ్లీ కొట్టాను. అదే ఖాళీ పేజీ.

"బొట్టు పెట్టినాం, టెంకాయ కొట్టినాం. ఇంకేం కావాలంటప్పా దానికి?" అంది అన్న వాళ్లమ్మ. గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

పేజీలు ఉంచిన సర్వర్ కంపెనీకి ఫోన్ చేసి అరిచాను. అవతలి మనిషి ఎప్పుడు మార్చారని అడిగాడు. అరగంట అయిందన్నాను. రెండు రోజులు ఆగమన్నాడు. అనకూడని మాట ఒకటి అని ఫోన్ పెట్టేశాను.

నేను పెరట్లోకి వెళితే అన్న వెనకే వచ్చాడు. "ఆయప్ప మీద అరిస్తే పేజీ వస్తాదా? వేలూరాయనకేం చెప్తాం, అది చూడు."

తప్పు నాది కాబట్టి నేనే చెప్తానన్నాను. పదకొండు దాటింది. నంబరు తీసుకుని చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "సూస్తానే ఉండా. రెండు లీటర్ల దానికి రాయి ఎత్తు ఎయ్యలేదేమప్పా?"

గదిలోకి పరిగెత్తాను. మా తెర మీద ఇంకా ఖాళీ పేజీనే. కారణం తర్వాత తెలిసింది. ముందురోజు సాయంత్రం ఆ గదిలోంచే నేను ఆ పేరు కొట్టి చూశాను. మాకు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర పేజీలు లేని పాత అడ్రసే నిలిచిపోయింది. వేలూరులో అంతకుముందు ఆ పేరు ఎవరూ కొట్టలేదు కాబట్టి వాళ్లకు కొత్తదే దొరికింది.

"టెంకాయ ఈడ కొడితే ఆడ తెరుచుకునిందా!" అని అన్న వాళ్లమ్మ అందరికీ కేసరి పెట్టింది. మాకు సైట్ కనిపించింది శనివారం సాయంత్రం. ఆలోపే వేలూరాయన ఏజెన్సీకి ఒప్పుకున్నాడు.

ఆ శుక్రవారమే, కేసరి తింటూ అన్న నన్ను అడిగాడు. "నా గ్రైండర్ ఇంటికి పంపేముందు పప్పేసి తిప్పి చూస్తా. నువ్వు చూడలేదా?"

"నువ్వే వద్దంటివి గదన్నా."

"మోటారు ఇచ్చేటప్పుడు నన్నడిగే తిప్పినావా?"

వైండింగ్ షాపులో అరగంట తిప్పకుండా ఏ మోటారూ ఇవ్వలేదు. ప్రెస్సులో ప్రూఫు చూపకుండా ఏ శుభలేఖా వేయలేదు. కొత్త పనిలోకి వచ్చేసరికి ఆ రెండూ వదిలేశాను.

సోమవారం సర్వర్ కంపెనీ మనిషికి ఫోన్ చేసి తప్పయిందన్నాను. ఈ పని మానేసే దాకా ఏ సైట్‌కైనా ఆ స్విచ్చి ముహూర్తానికి నాలుగు రోజుల ముందే వేసేవాణ్ని. అది ట్రయల్ అని చెప్తే ఏ షాపు యజమానీ కాదనలేదు. ముహూర్తానికి దీపం వెలిగించేవాళ్లం, అప్పటికే నడుస్తున్న సైట్ ముందు.