మా తాత విప్పని ప్లగ్గు లేదు

దేవేంద్రుడి ఐరావతానికి జలుబు చేస్తే కబురొచ్చేది మా ఎర్రిస్వామి తాతకే. ఆయన పోయి తొండం విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించి వచ్చేవాడు. ఆ తర్వాత ఏనుగు నడిచిందా అని మాత్రం అడగకూడదు.

తాత పామిడి నుంచి అనంతపురానికి ఒక పాత పెట్రోలు బస్సు తోలేవాడు. బాగా నడిచే ఇంజన్ను చూస్తే ఆయనకు చేతులు ఊరుకోవు. బానెట్టు ఎత్తి, ప్లగ్గులు విప్పి, మసి గీకి, బ్లేడు ముక్క దూర్చి సందు చూసి, కార్బొరేటరు మరను అటు కొంచెం ఇటు కొంచెం తిప్పితేగానీ మనసు నిలవదు. ఒకసారి పెండ్లికొడుకు ఎక్కిన కారుకు ఈ సేవ చేశాడు. పెండ్లికొడుకు ఎద్దులబండిలో వచ్చి తాళి కట్టాడు. ఇంట్లో అవ్వ దగ్గినా, "లోపల మసి చేరుండాది" అనేవాడు.

"నా జోలికొస్తే నీ పండ్లు విప్పుతా" అనేది అవ్వ.

అన్నిటికన్నా పెద్ద మజిలీ గార్లదిన్నె దాటాక, కరువు పనికి కంకర కొట్టే చోట. నీడ లేదు, నీళ్లు లేవు. అయినా ప్రతి సాయంత్రం సరిగ్గా అక్కడే తాతకు ఇంజన్లో ఏదో తేడా వినిపించేది. జనం దిగి, ఆకువక్క నములుతూ ఆయన్ను తిట్టేవాళ్లు.

తిట్లు ఓనరు పుల్లన్నదాకా పోయాయి. ఒకనాడు ఆయనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఎర్రిస్వామీ, ఈ పొద్దు దావలో బానెట్టెత్తితే, రేపు ఇంకో డ్రైవరొస్తాడు."

"అట్లే అన్నా."

కంకర కుప్పలు కనబడ్డాయి. కొలతల కోసం కూలీలు ఇంకా వరుసలోనే నిలబడి ఉన్నారు. తాత వరుస చివరికి చూశాడు. ఓనరు వైపు చూశాడు. బస్సు ఆపి, దిగి, బానెట్టెత్తాడు.

"ఏమప్పా, చెప్పింది చెవిన పడలేదా?"

"ఇంజను చెప్పేది గూడా వినాల గదన్నా. ఈ ప్లగ్గు పట్టుకో."

పుల్లన్న పట్టుకున్నాడు. చెయ్యి చురుక్కుమంది. ఆయన తిట్టు పూర్తయ్యేలోపే రెండోది కూడా చేతిలో పడింది.

అంతలో వరుస చివర్నుంచి దుమ్ము కొట్టుకున్న కూలిమనిషి, తిప్పమ్మ, సంగటి మూట పట్టుకుని పరుగున వచ్చింది.

"పోలేదా అన్నా? ఈ పొద్దు గూడా మా కుప్ప కొలిచేసరికి పొద్దుబోయె. ఇది తప్పితే ఇంకో బస్సు యాడుండాది? పెద్దాసుపత్రిలో మా ఆయప్ప ఆకలితో వాకిలి మీదే కండ్లు పెట్టుకోనుంటాడు."

తాత ప్లగ్గులు లాక్కుని, తుడవకుండానే బిగించాడు. హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పగానే బస్సు అందుకుంది.

పుల్లన్న మసి చేతులు చూసుకున్నాడు. వెనక సీట్లో ఒదిగి కూర్చున్న తిప్పమ్మను చూశాడు.

"ఆయమ్మ ఇంకా రాకపోయుంటే ఏం జేసేవాడివప్పా?"

"ఇంకా నాలుగు ప్లగ్గులుండాయన్నా. అవీ అయిపోతే చక్రాలుండాయి."

పుల్లన్న వేళ్లు ఊదుకుంటూ కూర్చున్నాడు. అనంతపురం దగ్గర పడ్డాక అన్నాడు: "రేపట్నుంచి ఒక గుడ్డపేలికన్నా పెట్టుకో. బొబ్బలొచ్చినాయి."

చాన్నాళ్ల తర్వాత ఈ కథ తెలిసి నేనడిగాను: "అయితే తాతా, ఇంజను బాగానే ఉణ్ణింది, నీది మంచి మనసు, అంతే గదా?"

"మంచి మనసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ప్లగ్గులు నిజంగానే మసిబట్టినాయి. నీ బుర్ర మాదిరి."