సంజీవరావు అయ్యవారి వాటా

సంజీవరావు అయ్యవారిని చెడ్డవాడని ఎవరూ అనలేరు. పిల్లల్ని కొట్టడు, పెద్దల్ని నొప్పించడు, ఎదురొచ్చిన ప్రతివాడినీ నవ్వుతూ పలకరిస్తాడు. పాఠం చెప్పడు, అంతే.

వాకాడుకు అవతల, సముద్రం అంచున ఉన్న పల్లెలోని ఏకోపాధ్యాయ పాఠశాలకు ఆయన వచ్చిన ఏడే నేనూ ఆ పక్క ఉప్పు కొఠార్లకు ఉద్యోగం మీద వచ్చాను. ఉప్పు పండే మళ్ళలో, ఆ కయ్యల్లో, నీరు ఎంత చిక్కబడిందో గాజుగొట్టం ముంచి చూడడం నా పని. బి.యస్సీ. చదివినందుకు దక్కింది అది. ఉప్పునీటికి కొలత ఉంది. అయ్యవారికి లేదు.

ఆయన కాపురం గూడూరులో. అక్కడ నిమ్మకాయల మండీలో బావమరిదికి చేదోడు. సోమవారం మధ్యాహ్నానికి బడికి వచ్చి, గురువారం పొద్దున్నే తిరుగుదారి పట్టేవాడు. ఉన్న రోజుల్లో కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఎక్కాలు చెప్పమనేవాడు. పిల్లలు రాగం తీసి పాడేవారు. రాగం ఆగితే ఆయనకు మెలకువ వస్తుంది గనక ఆపేవారు కాదు.

మా రహీమా అప్పుడు రెండో తరగతి. అది ఏడో ఎక్కం గడగడా పాడుతుంటే మా ఆవిడ ఆమినాబీ మురిసిపోయేది. ఒకనాడు నాకెందుకో అనుమానం వచ్చి, ఏడార్లెంత అని అడిగాను. పిల్ల బిత్తరపోయి, ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ వచ్చి, ఏడార్ల దగ్గర ఆగడం తెలియక దాటిపోయింది. పలక మీద ఒంటరిగా 'మ' రాసి చూపిస్తే అదేమిటో చెప్పలేకపోయింది. వరసలో ఉంటేనే దానికి అక్షరం. ఇలాగే సాగితే పిల్ల హైస్కూలు గడప తొక్కేదెలా?

సమితి ఆఫీసుకు వెళ్ళి, బడులు చూసే ఆఫీసరుకు అంతా చెప్పుకున్నాను. ఆయన ఓపికగా విన్నాడు.

"పర్మనెంటు మనిషండీ. తీసేయడం నా చేత కాదు. మార్చొచ్చు. కానీ పనిచెయ్యని వాళ్ళను మేం పంపేదే మీ ఊరికి గదా. ఆ ఊరినుంచి ఇంక సముద్రంలోకే పంపాల."

అయినా ఒకసారి వచ్చి చూస్తానన్నాడు.

ఈలోగా ఊరి పెద్ద మునెయ్యను కదిలించాను. ఆ పల్లెలో అలివి వల ఊరందరిదీ. సముద్రంలో వల వేసి వచ్చాక, రెండు వైపులా జనం తాళ్ళు పట్టి ఒడ్డుకు లాగుతారు. తాడు పట్టినవాడికే చేపల్లో వాటా. అయ్యవారికి మాత్రం, తాడు పట్టకపోయినా, గౌరవంగా ఒక వాటా పంపేవారు. ఆయన దాన్ని గూడూరు పట్టుకుపోయేవాడు.

మునెయ్య పెద్దలను కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. "పనికి రానోడికి వాటా లేదు. మనకైనా అంతే, అయ్యోరికైనా అంతే. ఊళ్ళో ఉంటేనే ఇస్తాం." నావైపు తిరిగి, "నువ్వు దిగులు పడబాక సారూ, చేప ఆశ శానా గట్టిది" అన్నాడు.

గట్టిదే. అయ్యవారు గురువారాలు పోవడం మానేశాడు. కానీ వాళ్ళ ధర్మశాస్త్రంలో పని అంటే తాడే గదా. ఆయనా అలాగే అర్థం చేసుకున్నాడు. తెల్లవారేసరికి పంచె ఎగ్గట్టి ఒడ్డున ఉండేవాడు. బడి పిల్లలంతా ఆయన వెనకే తాడు కొస పట్టుకునేవారు. ఇప్పుడు ఏడో ఎక్కం తాడులాగే పాట అయింది. బడి తలుపు తీయడమే మానేశారు. మునెయ్యకు మాత్రం పరమ సంతోషం. ఇంత కష్టపడే అయ్యోరిని తాను చూడలేదన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు జీపు దిగాడు. ఒడ్డున పిల్లలు, జనం, వాళ్ళ మధ్య చెమటోడుస్తున్న ఉపాధ్యాయుడు, గొంతెత్తి పాడుతున్న ఎక్కం. ఆయన కళ్ళు చెమర్చాయి. తాళం పెట్టిన బడిని నేను చూపిస్తే, నాలుగు గోడల మధ్యే చదువుందని అనుకోవడం పాతకాలపు పద్ధతి అన్నాడు. ప్రజలతో ఇంతగా కలిసిపోయిన మనిషి మారుమూల ఉండకూడదని పైకి సిఫారసు చేశాడు. అయ్యవారిని ఆయన కోరుకున్న గూడూరుకే మార్చారు. బదులు ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు?

తాళం తుప్పు పట్టడం చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటాం? గూడూరులో మా అత్త సుల్తాన్‌బీ ఇంట్లో ఉంచి చదివిద్దామని, రహీమాను అక్కడి పెద్ద బడికి తీసుకెళ్ళాను. హెడ్మాస్టరు మమ్మల్ని మూడో తరగతి గదికి పంపాడు. వరండాలోంచే రాగం వినిపించింది. కుర్చీలో వెనక్కి వాలి సంజీవరావు అయ్యవారు.

కళ్ళు తెరిచి, నన్ను చూసి, ఆప్యాయంగా లేచాడు. ఒడ్డున చేప ఎలా పడుతోందని అడిగాడు. ఆ తర్వాతే పిల్ల గుర్తొచ్చింది.

"మన పాపే గదా, పరీక్షెందుకు? సరే, అడగాలని అడగతా. ఏడార్లెంతమ్మా?"

రహీమా నావైపు ఒకసారి చూసి, చేతులు కట్టుకుని, ఏడొకట్ల ఏడు అని అందుకుంది. ఏడార్ల దగ్గర ఆగలేదు. అయ్యవారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

"చూశారా సార్, నేను నేర్పిందే. ఒక్క ముక్క మర్చిపోలా."