ఆకుపచ్చ కారు బానెట్ గొళ్లెం

మా వీధి మెకానిక్ షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే, వానకు తడిసిన తుప్పూ పాత గ్రీజూ కలిసిన వాసన తగిలి, నా తొమ్మిదో ఏటి ఖరగ్‌పూర్ వానాకాలం గుర్తొచ్చింది. అరవైల నాటి ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ. చూరునీళ్లు ధారలు కడుతుంటే వరండాలో తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం, అమ్మ బొగ్గుల మీద పనసగింజలు కాల్చేది, వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న సైరన్ కూసిన పావుగంటకల్లా గుమ్మంలో సైకిల్ దిగేవాడు.

మా క్వార్టర్ల లైను చివరి బంగళాలో మెయిల్ రైలు నడిపే దొర ఉండేవాడు. ఆయనకో ఇంగ్లీషు కారు, ఇద్దరే పట్టేది, నేలకు ఆనుకున్నట్టుండే ఆకుపచ్చ కారు. డ్యూటీ నుంచి వస్తూ గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొడితే, ఆయన భార్య మేమ్‌సాబ్ టీ పోసేది. ఆయన జ్వరంతో పోయాక కారు షెడ్డులోంచి కదల్లేదు. ఆ వానాకాలంలో హారన్ మళ్లీ మోగసాగింది. రెండుసార్లే. విన్నప్పుడల్లా ఆమె బల్ల మీద రెండో కప్పు పెడుతోందని వాళ్ల పనిమనిషి చెప్పాక, పిల్లలం అటు వెళ్లడం మానేశాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మోగిన హారన్ ఆగలేదు. వైర్లు అంటుకుంటే బంగళా కూడా తగలబడుతుందని నాన్న పరిగెత్తాడు, వెనకే నేను. బానెట్ గొళ్లేన్ని లాగే తీగ తెగిపోయి ఉంది. మేమ్‌సాబ్ బానెట్ మీద రెండు చేతులూ పరిచి, "మత్ ఖోలో, మిస్త్రీ" అంటూ తెరవొద్దని బతిమాలింది.

నాన్న కారు ముందున్న ఇనపకమ్మీల జాలీ చూపించాడు. "నా సెయ్యి దూరదు. నీ సెయ్యెట్టమ్మా. కొక్కెం తగిల్తే ఇటేపు లాగు."

మోచేతి దాకా పెట్టాను. లోపల బావిలో పెట్టినట్టు చల్లగా ఉంది. హారన్ నా ఎముకల్లో మోగుతోంది. కొక్కెం దొరికింది కానీ బిగుసుకుపోయింది. రెండోసారి లాగబోయేలోపే అది దానంతటదే టక్కున వదిలింది. హారన్ ఆగిపోయింది.

నాన్న బానెట్ ఎత్తాడు. బ్యాటరీ ఉండాల్సిన చోట ఏమీ లేదు. కొసలకు చిలుము పట్టిన రెండు కేబుళ్లు వేలాడుతున్నాయి. ఆయన గబుక్కున మూసేశాడు.

"ఇంక రాడా, మిస్త్రీ?" అంది మేమ్‌సాబ్, మా లైనులో నేర్చుకున్న తెలుగులో.

"వైర్లు కలిసిపోనాయి మేమ్‌సాబ్. ఇడదీసేసినాను. మరింక మోగదు" అన్నాడు నాన్న. ఆయన చేతిలో ఏ పనిముట్టూ లేదు.

తర్వాత మోగలేదు. దసరా లోపే ఆమె ఎవరితోనూ చెప్పకుండా ఊరు విడిచిపోయింది.

ఇప్పుడక్కడ బంగళా లేదు, షెడ్డు లేదు, మా క్వార్టర్సూ లేవు. నాన్నా లేడు. ఆయన చివరి ఏడాదిలో మంచం పక్కన కూర్చుని, ఆ కారులో బ్యాటరీ లేదు కదా అని అడిగాను. ఆయన గోడవైపు తిరిగి, "ఆవేళ మనం ఎల్లకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు.